మూరల్లో కట్టిన మెథడిస్టు గుడి

రాజాంలో మా నాన్నకు సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు ఉంది. దాని పైనున్న ఒంటి గదిలో నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. సివిల్ డిప్లొమా చేసి ఇరవై ఏళ్ళు దాటింది. నా దగ్గరికి వచ్చేవన్నీ రెండు పడగ్గదుల ఇళ్ళు, కొట్టు గదులు, మెట్ల కింద బాత్రూం ఎలా ఇరికించాలన్న తగువులు. దేవుడి పని ఒక్కటీ రాలేదు, రెండేళ్ళ కిందటి తుఫాను తర్వాత వచ్చిన వేసవి దాకా.

ఆ రోజు ముగ్గురు వచ్చారు. ఒకాయన పాస్టరు, పాతపట్నం వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన కుర్రవాడు. వయసులో చిన్నవాడైనా మిగతా ఇద్దరూ ఆయన్ని అయ్యగారూ అనే పిలుస్తున్నారు. రెండో ఆయన సంఘ పెద్ద, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మూడో మనిషి ఎనభై దాటిన ముసలావిడ. గుడి ఊడ్చేది, గంట కొట్టేది, తాళాలు దగ్గర పెట్టుకునేది ఆవిడేనట. మెట్లెక్కిన ఆయాసంతో చాలాసేపు మాట్లాడలేకపోయింది.

"పాతది పడగొట్టీసి స్లాబు గుడి కట్టుకుందామనుకుంటన్నాం అమ్మా," అన్నాడు పెద్ద. "ఎదర ఎత్తుగా రావాల. రోడ్డు మీద బస్సు దిగినోడికి కనబడాల."

తుఫానుకు పైకప్పు సగం ఎగిరిపోయిందనీ, టార్పాలిన్ కట్టుకుని ఆరాధన చేసుకుంటున్నామనీ పాస్టరు చెప్పాడు. ఫోనులో ఫొటోలు చూపించాడు. తెల్లటి గోడలు, వరసగా కమాను కిటికీలు, పైన నీలం టార్పాలిన్. ఎప్పుడు కట్టారని అడిగితే వందేళ్ళు దాటిందన్నాడు. మెథడిస్టు మిషను దొర కట్టించాడని మాత్రం అందరికీ తెలుసు, కాగితం ఏదీ లేదు.

"ముందు ఆ పాపని వచ్చి సూడనీండి," అంది ముసలావిడ. "సూడకుండా ఏటి సెప్తాది?"

వాళ్ళు వెళ్ళాక కిందికి దిగి నాన్నకు చెప్పాను. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయన చేతిలో ఉన్న కాగితాన్ని మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఆ పని ఒగ్గీ. ఇజీనారంలో బోలుమంది ఇంజినీర్లున్నారు, ఆల్ని పెట్టుకుంటారు."

"ఎందుకు నాన్నా?"

"ఏటీ నేదు. ఎండలు. ఎందుకు తిరగడం."

నాన్న నన్ను ఏ పనికీ వద్దనలేదు అంతకు ముందు. ఆడపిల్ల సైట్ల వెంట తిరగడమేమిటని చుట్టాలు అన్నప్పుడు కూడా నా వైపే మాట్లాడిన మనిషి. ఎండల గురించే కాబోలు అనుకున్నాను.

రాజాం నుంచి స్కూటీ మీద అరగంట. రోడ్డు దిగాక ఒక గెడ్డ వస్తుంది. వేసవిలో అందులో నీళ్ళుండవు, ఇసుక, రాళ్ళు, అక్కడక్కడ తుంగ. గెడ్డకు అవతల ఊరు, ఇవతల దళితుల పేట. పేట మొదట్లోనే గుడి. ముసలావిడ తాళం తీసి, మెట్ల మీద కూర్చుని నా కోసం చూస్తోంది.

నేను మొదట చూసింది పైకప్పునే. మంచి టేకు దూలాలు, ఒక్కటీ పురుగు పట్టలేదు. వాటి మీద తాటి వాసాలు, ఆ పైన బెంగుళూరు పెంకు. పెంకు తర్వాత మార్చారని తెలుస్తూనే ఉంది, ఒక మూల ఇంకా పాత నాటు పెంకు మిగిలింది. పడమటి వైపు దూలం జారి గోడ మీద వాలింది. ఆ గోడకు కిటికీ కమాను నడినెత్తి నుంచి నేల దాకా పగులు. పగుల్లో నా అరచేయి పట్టింది. మిగతా మూడు గోడలూ బాగున్నాయి. పెచ్చు ఊడిన చోట గోరుతో గీకి చూశాను. గానుగ సున్నం. రాలలేదు. ఇవాళ్టి సిమెంటు పని పదిహేనేళ్ళకే పొడి రాలడం రోజూ చూసే నేను ఇంకో రెండు చోట్ల గీకి చూశాను.

లోపల పెద్దగా ఏమీ లేదు. జానెడు ఎత్తు వేదిక, దాని మీద చెక్క పీఠం, గోడల వెంబడి రెండు బెంచీలు. మిగతా అందరూ చాపల మీద కూర్చుంటారు. నేల మాత్రం చూడాల్సిందే. నున్నటి గచ్చు. వందేళ్ళ మోకాళ్ళు, అరికాళ్ళు రాసుకుని ముదురు రంగుకు తిరిగింది. చెప్పులు విప్పి నడిస్తే ఏప్రిల్ ఎండలోనూ చల్లగా ఉంది.

టేపు ఒక కొస ముసలావిడ పట్టుకుంది. ఎక్కడ ఆనించాలో ఒకసారి చెబితే చాలు, మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. పొడవు ముప్ఫై ఏడడుగుల ఆరంగుళాలు. వెడల్పు పంతొమ్మిదడుగుల ఆరంగుళాలు. తలుపు నాలుగడుగుల ఆరంగుళాలు. గోడ మందం అడుగున్నర. దొర కట్టించిన గుడికి ఈ అరడుగులేమిటని నాకు అనుమానం వచ్చింది. తెల్లవాళ్ళు గీసిన ప్లానైతే నలభై, ఇరవై అని ఉండాలి. పుస్తకంలో అంకెలు రాసుకుంటూ ఉంటే ఒక్కసారి తట్టింది. అడుగున్నర అంటే మూర. గోడ ఒక మూర. తలుపు మూడు మూరలు. వెడల్పు పదమూడు, పొడవు ఇరవై ఐదు. ఒక్క అంగుళం తేడా లేదు.

"మామ్మా, ఇది కట్టిన మేస్త్రి ఎవరు?" అన్నాను.

ఆవిడ టేపు చుట్టి నా చేతికిచ్చింది. "బయటికి రా, ఒకటి సూపిస్తాను," అంది.

గుడి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. కాలితో దాన్ని పక్కకు తొక్కి పునాది చూపించింది. నేల నుంచి మూడు మెట్ల ఎత్తున్న ఆ పునాది చుట్టూ ఒక గుండ్రటి వరస బయటికి ఉబ్బి ఉంది, తిరగలి అంచులా. శివాలయాల అడుగున అందరూ చూసే వరసే అది. శిల్పులు కుముదం అంటారు. వాన నీళ్ళు గోడ మొదట్లోకి ఇంకకుండా దూరంగా జారిపోతాయి. ఇటుకల్ని ఒక్కొక్కటీ చెక్కి, మీద సున్నం తాపీతో గుండ్రంగా తిప్పాడు ఎవరో. క్రైస్తవుల గుడికి ఈ వరస నేనెక్కడా చూడలేదు. ఎస్.కోటలో, విజయనగరంలో పాత చర్చిలు చూశాను. వాటి పునాదులు పలకల్లా సాఫీగా ఉంటాయి.

"దొర ఇది సూసి, ఇదేటని అడిగినాడట," అంది ఆవిడ. "ఇది నేకపోతే గోడ నిలబడదు బాబూ అన్నాడట మేస్త్రి. దొరకి ఏటి తెలుస్తాది. సరే అన్నాడట."

"ఆ మేస్త్రి మన పేట మనిషేనా?"

"కాదు. అవతలొడ్డు. శివాలయం పని సేసేవోడు."

మెట్ల మీద కూర్చుని ఆవిడ చెప్పింది ఇది. ఆవిడకు ఇదంతా వాళ్ళ అత్త చెప్పింది. గుడి కడుతున్నప్పుడు అత్తకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. పేటలో నడవగలిగిన వాళ్ళంతా మోసిన వాళ్ళే. మగవాళ్ళు గెడ్డలోంచి రాళ్ళు, ఆడవాళ్ళు నీళ్ళు, పిల్లలు సున్నం. కూలి దొర ఇచ్చేవాడు, ఆదివారం పని మాత్రం ఊరికే చేసేవారు.

"గోడలు కిటికీల దాకా లేసినాయి. వానలు పట్టీసినాయి. గెడ్డ పొంగింది. మేస్త్రి ఇవతలే ఉండిపోనాడు. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, వారం. ఏటి తింటాడు? ఒండుకోడానికి ఆయన దగ్గర గింజ నేదు. మొదటి రోజు పస్తున్నాడట. రెండో రోజు మా అత్తోల్ల అమ్మ సోడి అంబలి ముంత తెచ్చి దూరంగా ఎట్టి, నీ ఇష్టం బాబూ అనీసి ఎలిపోనాదట. తాగినాడు. మర్నాడు ఆల్ల అరుగు మీద కూకొని తాగినాడు."

గెడ్డ తగ్గాక మేస్త్రి ఊళ్ళోకి వెళ్ళాడు. అప్పటికే ఊళ్ళో తెలిసిపోయింది. అప్పట్లో శివాలయానికి గర్భగుడి మీది గోపురం, విమానం, కొత్తగా కడుతున్నారు, ఆ పని కూడా ఆయనదే. ఊరి బుగతలు, అంటే భూములున్న పెద్దలు, పిలిపించారు. గుండు చేయించుకుని, నలుగురిలో తప్పయిందని చెప్పి, శుద్ధి చేయించుకోమన్నారు. లేకపోతే ఆ చేత్తో గుడి ముట్టుకోవద్దన్నారు.

"ఆకలేసింది, తాగినాను. తప్పేటున్నాది అన్నాడట. ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు. నువ్వు ఎవుల్నైనా అడుగు. ఆ మాటన్నాడు, మళ్ళీ ఇవతలొడ్డుకొచ్చి, ఈ గుడి మొత్తం కట్టీసి, బండి కట్టుకొని రాజాం ఎలిపోనాడు."

ఆ తర్వాత ఏమయ్యాడని అడిగాను.

ముసలావిడ నా వైపు చూసింది. "మీ కొట్టు మీద బోర్డు ఉన్నాది గదా. నాకు సదువొచ్చు తల్లీ. ఈ గుళ్ళోనే బడి ఉండేది. బోర్డు మీద ఆ మేస్త్రి ఇంటిపేరు సదివినాను. అందుకే అన్ని మెట్లెక్కి వచ్చినాను."

మర్నాడు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మాది మొదటినుంచీ వ్యాపారం చేసుకునే కుటుంబమనీ, ముత్తాత సున్నం వ్యాపారానికి రాజాం వచ్చాడనీ నేను చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ మాట నాన్న చెప్పిందే.

"అక్కడ ముసలావిడ ఒక కథ చెప్పింది నాన్నా," అన్నాను.

"సెప్పిందా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మా నాన్న సెప్పొద్దన్నాడు. మీ మేనత్తలు ముగ్గురు. పెళ్ళిళ్ళు కావాల గదా. ఇలగని తెలిస్తే ఎవులొస్తారు?" బల్ల మీద పడున్న మేకుల్ని ఏరి డబ్బాలో వేశాడు. "పెళ్ళిళ్ళయిపోనాక కూడా సెప్పలేదనుకో. అలవాటయిపోనాది."

నాన్నకు తన తాత గుర్తున్నాడు. ఏడెనిమిదేళ్ళ వయసు దాకా ఆయన బతికే ఉన్నాడు. రాజాం వచ్చాక మళ్ళీ తాపీ పట్టలేదట. బట్టీల నుంచి సున్నం బండి మీద తెచ్చి అమ్మేవాడు, కొన్నవాళ్ళకు ఎంత ఇసుక కలపాలో చెప్పేవాడు, ఎవరైనా తమ గోడ చూడమని పిలిస్తే వెళ్ళేవాడు కాదు. చేతులు మాత్రం మేస్త్రి చేతులే, వేళ్ళ చివర్లు సున్నం తిని గీతలు లేకుండా నున్నగా ఉండేవట.

"ఒకసారి నన్ను ఆ ఊరు తీసికెళ్ళినాడు," అన్నాడు నాన్న. "ఏదో తీర్థం. అందరూ లోపలికెళ్తన్నారు. ఈయన బయటే నిలబడి విమానం కేసి సూస్తన్నాడు. ఈయన తర్వాత ఇంకెవులో కట్టినారు గదా. సూసి సూసి, వంకరగున్నాది అన్నాడు. అంతే. ఇంటికొచ్చీసినాం."

నేను నవ్వబోయాను. నాన్న నవ్వడం లేదు.

"ఇంకొకటున్నాది. అది కూడా విను," అన్నాడు. "మన కొట్లో నీళ్ళ కుండ పక్కన విడిగా ఒక గ్లాసుండేది. నీకు గుర్తుందా?"

గుర్తుంది. కిటికీ గూట్లో బోర్లించి ఉండే సత్తు గ్లాసు. పేటల నుంచి బండ్లు తోలుకొచ్చే వాళ్ళకు అందులో నీళ్ళు పోసేవారు. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ బోర్లించేవారు. నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు దాహమేసి ఆ గ్లాసు తీస్తే మా నానమ్మ చేతి మీద కొట్టింది. ఆ తర్వాత నేనెప్పుడూ తియ్యలేదు. ఎందుకని అడగలేదు కూడా. నేను డిప్లొమాకు వెళ్ళే ముందే ఎప్పుడో అది కనిపించకుండా పోయింది.

"అది పెట్టింది మా నాన్న," అన్నాడు నాన్న. "తాత పోయిన నెలకే పెట్టినాడు. మేం కూడా నికార్సైనవోల్లమే అని ఊరికి తెలియాలని. నాను తీసీలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ కొట్లో కూకొని తీసీలేదు. పలాస్టిక్ గ్లాసులొచ్చినాయి, అది పోనాది. నాను తీసింది కాదు."

గిరాకీ వస్తే నాన్న లేచి వెళ్ళి ఇనుప చువ్వలు కొలిచి ఇచ్చాడు.

నేను రెండు ప్లాన్లు గీశాను. ఒకటి వాళ్ళడిగినట్టే, స్లాబు, ముందు ఎత్తైన గోపురం. రెండోది పాత గుడి బాగుచేత. పగిలిన గోడ తీసి మళ్ళీ కట్టడం, దూలాలు సరిచేసి కొత్త పెంకు. ఈ రెండోదాన్ని మూడుసార్లు చెరిపి గీశాను. గెలవాలని పందెం కాసినట్టుంది నా పరిస్థితి. ఎవరి గుడి, ఎవరి పందెం అని నాలో నేనే అనుకున్నాను కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. టార్పాలిన్ కింద నీలం వెలుతురు, చాపల మీద అరవై డెబ్బై మంది. పాస్టరు నన్ను వేదిక పక్కన కుర్చీలో కూర్చోమన్నాడు. నేను చాప మీదే కూర్చున్నాను. రెండు కాగితాలూ గోడకు అంటించి, ఏది ఏమిటో చెప్పాను. పాత గోడలు ఎంత గట్టివో చెప్పాను, మూరల సంగతి చెప్పాను. మేస్త్రి మా ముత్తాత అన్న మాట నేను చెప్పలేదు. ముసలావిడ వెనక నుంచి లేచి చెప్పింది.

చాలామంది నా వైపు తిరిగి చూశారు. కొందరు ఆడవాళ్ళు దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆకలేసింది, తాగినాను," అని ఎవరో మెల్లగా అన్నారు, సామెత చెప్పినట్టు. ఇక పాత గుడి నిలబడినట్టేనని ఆ క్షణంలో నేననుకున్నాను.

అప్పుడు ఒక మనిషి లేచాడు. నలభై ఏళ్ళుంటాయి, స్లాబుల కింద కర్రలు, చెక్కలు కట్టే సెంట్రింగ్ పని చేస్తాడు, విశాఖపట్నంలో పెద్ద బిల్డింగులకు పని చేసి వచ్చినవాడు.

"మేడమ్, మీ ముత్తాత కట్టినాడు. మంచిదే. ఆయన అన్న మాట మా పిల్లలకి కూడా తెలుసు. నాకొకటి సెప్పండి. మోసినోల్లెవులు? ఆల్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? మా ముత్తాత రాళ్ళు మోసినాడు. ఆయన ఏటన్నాడో ఎవులికీ గుర్తునేదు. పాతది ఉంచీసి పెంకు ఎయ్యండంటన్నారు. మీ ఇల్లు స్లాబే గదా. అవతలొడ్డు గుడి మొన్న గ్రానైట్ ఏసినారు. మేం మాత్రం ఏలప్పా పాత పెంకు కింద కూకోడం?"

ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు. ఆ మాట నిజమని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నేను గోడల గురించి మాట్లాడాను. వాళ్ళు ఆ గోడల కింద కూర్చోవలసిన వాళ్ళు.

"మీరన్నది సరైనదే," అన్నాను. "నాకు పేర్లు తెలీవు. ఎవరికైనా తెలిస్తే రాసుకుంటాను."

ముందు ముసలావిడ తన అత్త పేరు చెప్పింది. అత్త తల్లి పేరు చెప్పింది. రైల్వేలో పనిచేసిన పెద్ద తన తాత పేరు, తాత తమ్ముడి పేరు చెప్పాడు. సెంట్రింగ్ పనివాడు నిలబడే ఉన్నాడు. తన ముత్తాత పేరు తెలుసు, ముత్తవ్వ పేరు తెలియదు. వాళ్ళమ్మ పక్కనుంచి అందించింది. నేను ప్లాన్ కాగితం తిప్పి వెనక రాయడం మొదలుపెట్టాను. కొందరికి అసలు పేరు గుర్తులేదు, పిలుపు పేరే గుర్తుంది. ఒకామె తన తాతమ్మ పేరు కాదు, ఆవిడకు ఒక కాలు కుంటి అన్న సంగతి మాత్రమే చెప్పగలిగింది. అదే రాశాను. రెండు పేర్ల దగ్గర రెండు కుటుంబాలు మా వాళ్ళంటే మా వాళ్ళని వాదించుకున్నాయి. అయ్యగారు ఇద్దర్నీ రాసేయమన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు నలభై ఒక్క పేర్లు వచ్చాయి.

ప్లాన్ సంగతి ఆ రోజు తేలలేదు. వచ్చే రెండు ఆదివారాలు కూడా తేలలేదు. చివరికి సెంట్రింగ్ పనివాడే మధ్యే మార్గం చెప్పాడు. పగిలిన పడమటి గోడ, పైకప్పు తీసేయాలి. మిగతా మూడు గోడలూ, పునాదీ అలాగే ఉంచి, లోపల ఆనుకుని కొత్త స్తంభాలు లేపి, వాటి మీద స్లాబు వెయ్యాలి. బరువు స్తంభాలు మోస్తాయి, పాత గోడలు ఊరికే నిలబడతాయి. గోపురం పడమటి వైపు వస్తుంది. గచ్చు నేల గురించి మాత్రం ముసలావిడ పట్టుబట్టింది, దాని మీద టైల్స్ వెయ్యకూడదని. ఆ ఒక్క మాట అందరూ విన్నారు. స్తంభాల కోసం ఎనిమిది చోట్ల నేల తవ్వక తప్పలేదు. తవ్విన ప్రతిసారీ ఆవిడ బయటికి వెళ్ళి కూర్చునేది.

కంటికి ఇంపుగా ఉందని నేను చెప్పను. పాత కమాను కిటికీల పక్కన చదరపు స్తంభాలు. చదువుకున్న వాళ్ళెవరైనా చూస్తే తిడతారు. లెక్కలు వేసి, చువ్వలు ఎంత పడాలో రాసి ఇచ్చింది నేనే.

పని మొదలైన రెండో నెలలో నాన్న ఒక పొద్దున్న తనంతట తానే నా స్కూటీ వెనక ఎక్కాడు. పేటకు పోనియ్యమన్నాడు, ఎందుకో నేను అడగలేదు. గెడ్డ దాటకుండా ఇవతలే ఆపమన్నాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. అయ్యగారు లోపలికి రమ్మంటే వస్తానన్నాడు, ముందు వెనక్కి వెళ్ళాడు. కుముదం వరస మీద చెయ్యి వేసి, వేలితో తట్టి, ఒక చోట కొద్దిగా పెచ్చు లేచిన దగ్గర గీకి, ఆ పొడి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నలభై ఏళ్ళుగా సిమెంటు అమ్మిన మనిషి చూసినట్టే చూశాడు.

"ఇసక బాగా కడిగినాడు," అన్నాడు. "మట్టి నేదు."

ముసలావిడ వచ్చి పక్కన నిలబడింది. వాళ్ళిద్దరి వయసుల మధ్య పెద్ద తేడా లేదు. నాన్న చేతికంటిన సున్నం దులుపుకున్నాడు. "మా కొట్టుకి మీ పేట బండ్లు వచ్చేవి," అని మొదలుపెట్టాడు.

"తెలుసు బాబూ," అంది ఆవిడ. "మా ఆయన వచ్చేవోడు, బండి తోలుకొని."

నాన్న తల దించుకున్నాడు. ఆవిడ ఫరవాలేదని అనలేదు. గడ్డి బాగా పెరిగిపోయింది, కోయించాలి అంది. అప్పటినుంచి నెలకోసారైనా అక్కడికి వెళ్తానంటాడు. ఒక్కోసారి తీసుకెళ్తాను, ఒక్కోసారి పని ఉండి కుదరదు.

స్లాబు వెయ్యడానికి తొమ్మిది రోజులుందనగా ముసలావిడ చనిపోయింది. జ్వరం వచ్చింది, రెండు రోజులే. మూడో రోజు పొద్దున్నే గంట కొట్టే మనిషి రాలేదని అయ్యగారి భార్య చూడ్డానికి వెళ్ళింది.

పైకప్పు లేదు. లోపలంతా సెంట్రింగ్ కర్రలు, అడవిలా. ఆవిడను బయటే పెట్టి ప్రార్థన చేద్దామన్నారు కొందరు. సెంట్రింగ్ పనివాడు ఒప్పుకోలేదు. నలుగురు మనుషుల్ని పెట్టి, నడిమధ్యలో పన్నెండు కర్రలు పీకించి, పెట్టె పట్టేంత చోటు చేశాడు. పీకిన కర్రల బదులు చుట్టూ అడ్డాలు బిగించి, నన్ను పిలిచి చూపించాడు. "పడదు గదా మేడమ్?" అన్నాడు. పడదన్నాను.

ఆ చోట్లో, ఆవిడ యాభై ఏళ్ళు ఊడ్చిన గచ్చు మీద పెట్టె దించారు. కర్రల మధ్య ఎవరికి దొరికిన చోట వాళ్ళు నిలబడ్డారు. పైన తెరిచిన ఆకాశం, మబ్బు పట్టి ఉంది కానీ వాన పడలేదు. పాట అందుకున్నాక కర్రలకు అడ్డం తగిలి గొంతులు ముక్కలుగా వినిపించాయి. నాన్న గోడ వెంబడి బెంచీ మీద కూర్చున్నాడు. క్రైస్తవుల ప్రార్థనకు ఆయన రావడం అదే మొదలు. లేచి నిలబడాల్సినప్పుడు అందరితో పాటు లేచాడు, కూర్చోవాల్సినప్పుడు కూర్చున్నాడు. మట్టి వెయ్యడానికి పేట చివరి దాకా నడిచాడు, నేను బండి మీద రమ్మన్నా రాలేదు.

పిల్లలు లేరు ఆవిడకు. తాళాలు అయ్యగారి భార్య తీసుకుంది. ఊడవడం వారానికొక ఇంటివాళ్ళు పంచుకున్నారు. మొదట్లో బాగానే జరిగింది, ఇప్పుడు ఎవరి వారం ఎవరిదని కొంచెం గొడవ పడుతున్నారని విన్నాను.

తొమ్మిదో రోజు స్లాబు వేశారు. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికి ముగించారు. పేటలో నడవగలిగిన వాళ్ళంతా తట్టలు అందుకున్నారు. నేను నిచ్చెన మీద నిలబడి కాంక్రీటు ఎలా పడుతోందో చూశాను. పేర్ల కాగితం అయ్యగారి దగ్గరే ఉంది. రాతి మీద చెక్కించాలని కొందరు, తప్పు పేర్లు ఉంటే ఎలాగని కొందరు. ఇప్పటికి దాని మీద ఇంకో ఏడు పేర్లు చేరాయి.

ఇప్పుడు ఆరాధన లోపలే జరుగుతోంది. పాత గోడకూ కొత్త స్తంభానికీ మధ్య ఉత్తరం వైపు ఒక చోట పోయిన వానాకాలం నీరు కారింది. గెడ్డ పొంగక ముందే వెళ్ళి ఆ సందు మళ్ళీ పూడ్చాలి. సిమెంటుతో కాకుండా సున్నంతోనే పూడ్చమన్నాడు నాన్న. మంచి సున్నం రాజాంలో దొరకడం లేదు, అడిగి చూస్తున్నాను.